రాళ్ళకు పెట్టిన బొట్టు

సెప్టెంబరు 24, బుధవారం

ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ మా ఆవిడ రాజలక్ష్మి దీని మీద వేడి గిన్నెలు దించింది. అట్ట మీద మూడు వలయాలు పడ్డాయి. ఈరోజు తుడిచి రాయడం మొదలుపెట్టాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం వచ్చింది నాకొక్కడికే, అదీ రాయపురం కార్పొరేషన్ స్కూల్లో ఎనిమిది దాకా. ఆవిడ చదివేది తమిళం. కాబట్టి ఆమె గురించి కూడా ధైర్యంగా రాసుకోవచ్చు. ఈ డైరీకి వేరే తాళం అక్కర్లేదు.

విశేషం ఏమిటంటే ల్యాబుకు రాళ్ళు వచ్చాయి. ఎన్నూరు రోడ్డులో మా ల్యాబు ఉన్నదే రాళ్ళకు, అందులో విశేషమేముంది అంటే, ఇవి రోడ్డు వేసే కంకర కాదు. ఉత్తరాదిలో ఎక్కడో ఎడారిలో మూడు వేల మీటర్ల లోతు బావి దించి అడుగు నుంచి తీసిన బూడిదరంగు రాయి. టార్చిలైటు బ్యాటరీ కంటే కాస్త లావుగా, కాస్త పొడుగ్గా కోసినవి ఎనిమిది. ఆ రాయి కడుపులో గ్యాసు ఉందట. పెళుసు రాయి అయితే నీళ్ళను ఒత్తిడితో కొట్టగానే పగిలి గ్యాసు వదులుతుంది. మెత్తదయితే పగిలిన చోటు మళ్ళీ మూసుకుంటుంది, గ్యాసు లోపలే ఉండిపోతుంది. పెళుసా, మెత్తనా అని చెప్పడమే మా పని. మిషన్లో నిలబెట్టి పైనుంచి నలిపి, ఎట్లా ప్రాణం వదిలిందో చూసి రాస్తాం.

దీనికి మా ఇంజనీరు శరణ్య నాలుగు రోజులు లెక్కలు వేస్తుంది. నేను రూపాయి నాణెంతో తట్టి చెప్పేస్తాను. టింగ్ అంటే పెళుసు, టొప్ అంటే మెత్తన. ఎనిమిదీ తట్టాను. ఎనిమిదీ టింగ్.

"మామా, మీ నాణెం రీడింగు రిపోర్టులో ఏ కాలమ్‌లో రాయాల?" అంది శరణ్య.

"కడాపటి కాలమ్‌లో రాయమ్మా. కరెక్టుగా ఉండేది ఆడ ఒక్కటే."

కోడంబాక్కం పిల్ల. వాళ్ళ నాయన స్టూడియోలలో లైట్లు మోసేవాడు. మన తెలుగువాళ్ళే. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఆ ఆరు నెలలు అక్టోబరు 15తో నిండుతాయి.

సెప్టెంబరు 26, శుక్రవారం

మొన్న రాత్రి రాజలక్ష్మి చేత పొరివిళంగా ఉండలకు పిండి కలిపించాను. వేయించిన బియ్యం, పెసరపప్పు, బెల్లం పాకం, శొంఠి. ఆరిందంటే పళ్ళకు పెద్ద పరీక్ష. నేను ఉండ చుట్టలేదు. ప్లాస్టిక్ పైపు ముక్కలో కూరి, నున్నగా తోసి తీశాను. అచ్చం ఎడారి రాయి. ఈ ఉదయం ట్రేలో తొమ్మిదోదిగా నిలబెట్టి, నంబరు చీటీ కూడా అంటించాను.

ముందు తొమ్మిదోదాన్నే తీసింది శరణ్య. నేను కంప్రెసర్ వెనకాల నోట్లో తువ్వాలు కుక్కుకొని నిలబడ్డాను. మిషన్ నొక్కింది. టప్పున పేలి అద్దం తలుపుకు ముక్కలు తగిలాయి. గదంతా బెల్లం వాసన. ఆ పిల్ల అరవలేదు, నన్ను వెతకలేదు. తలుపు తీసి, ఒక ముక్క నోట్లో వేసుకొని, నములుతూ రిజిస్టర్‌లో రాసింది. తర్వాత దొంగతనంగా వెళ్ళి చూశాను.

'తొమ్మిదో నమూనా. చాలా పెళుసు. శొంఠి తక్కువ.'

ఈ ల్యాబులో పందొమ్మిదేళ్ళుగా ఉన్నాను. నాకు ఇంత అవమానం ఎవరూ చెయ్యలేదు. ఈ పిల్ల తప్పకుండా పర్మనెంటు కావాలి.

మిషన్‌కు చీమలెందుకు పట్టాయని మేనేజరు భక్తవత్సలం గారు అడిగారు. "అవీ గ్యాసు కోసమే వచ్చినాయి సార్," అన్నాను. ఆయన నమ్మలేదు. పోయిన ఏడాది ఓవెన్‌లో పాము ఉందని చెప్పి ఆయన్ను, ఆఫీసునంతా గంటసేపు ఎండలో రోడ్డు మీద నిలబెట్టాను. అప్పటి నుంచి నేను వాన పడుతోందన్నా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటారు.

సెప్టెంబరు 29, సోమవారం

శరణ్య రాళ్ళను ఓవెన్‌లో ఆరబెట్టి, తూకం వేసి, ఆరింటిని గాజు జాడీలో పెట్టి మూత బిగించింది. జాడీ అడుగున నీలం గుళికలు ఉంటాయి. చెమ్మ తగిలితే గులాబీ రంగుకు తిరుగుతాయి. మిగతా రెండింటికి సన్న వైర్లు అంటించి తన బీరువాలో పెట్టుకుంది.

"ఈ రాయిలో బంకమన్ను ఉండాది మామా. నీళ్ళు తాగిందంటే గుణమే మారిపోతాది. జాడీ మాత్రం తెరవొద్దండి."

"నేనెందుకు తెరుస్తా. ఆడ నాకేం పని?"

సెప్టెంబరు 30, మంగళవారం

రేపు, ఎల్లుండి సెలవు. అందుకని ఆయుధపూజ ఈరోజే చేశాం. శరణ్య మధ్యాహ్నమే వెళ్ళిపోయింది, వాళ్ళ నాయన దాచుకున్న పాత లైట్లకు ఇంట్లో పూజట. ఇక్కడి పూజ ఏటా నాదే. అన్నీ కడిగాను. మిషన్ పాదాలకు అరటి పిలకలు కట్టాను. విభూతి, గంధం, కుంకుమ. సుత్తులు, రంపాలు, కొలబద్దలు అన్నీ తడి అరిటాకుల మీద పేర్చి, పైన బంతిపూలు చల్లాను. మేనేజరు గారి స్కూటరుకు కూడా బొట్టు పెట్టాను. గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ కొట్టి, బొరుగులు, ఉడికించిన శనగల సుండల్ పంచాను.

భక్తవత్సలం గారు హారతి కళ్ళకద్దుకొని, "ఈ ఒక్క పనిలో నువ్వు కలాట్టా చెయ్యవు దామోదరం," అన్నారు.

నిజమే. దేవుడి దగ్గర నేను వేళాకోళం ఆడను. కొలువులో ఉన్న ఏ ఒక్కదాన్నీ వదిలిపెట్టను.

అక్టోబరు 1, బుధవారం

పూజలో పెట్టినవాటిని ముట్టకూడదు. ముట్టలేదు. నిద్రపోయాను.

అక్టోబరు 3, శుక్రవారం

ఏడింటికే వెళ్ళి, అన్నీ తుడిచి ఎక్కడివక్కడ పెట్టాను. జాడీలో గుళికలు గులాబీ అయి ఉంటే పారబోసి కొత్త నీలంవి పోశాను. రంగు మారడం గుళికల పని, మార్చడం నా పని. నాణెం ఇంట్లో మర్చిపోయాను కాబట్టి ఏమీ తట్టలేదు.

పదకొండింటికి శరణ్య మొదటి రాయిని మిషన్లో నిలబెట్టింది. పెళుసు రాయి అయితే కంప్యూటర్‌లో గీత నిటారుగా ఎక్కి, మేడ మీద నుంచి కింద పడినట్టు పడిపోతుంది. చప్పుడుకు ఉలిక్కిపడాలి. ఈ రాయి చప్పుడే చెయ్యలేదు. కాస్త ఉబ్బింది. పక్కకు ఒరిగింది. గీత వంగి, పడుకొని, అట్లాగే పోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఇదేంది మామా, పిండిముద్ద మాదిరి పోతా ఉండాది," అంది.

"ఎడారి నుంచి వచ్చినాయి కదా. ప్రయాణం బడలిక," అన్నాను. నవ్వింది. నేనూ నవ్వాను.

అక్టోబరు 4, శనివారం

మిగతా మూడూ అంతే. ఈరోజు ఎవరూ నవ్వలేదు.

అక్టోబరు 6, సోమవారం

శరణ్య బీరువాలోని రెండు రాళ్ళనూ నలిపింది. రెండూ టప్పున పేలాయి. ఒకే బావి, ఒకే లోతు. ఆరు మెత్తనా, రెండు పెళుసా. భక్తవత్సలం గారు తలుపు మూసుకొని ఆ పిల్లను అరగంట కడిగారు. తలుపు మూసినా ఆయన గొంతు ఎన్నూరు రోడ్డు లారీలను దాటి వినిపిస్తుంది.

"రెండు రకాల జవాబులు పంపిస్తే వాళ్ళు మన మొహాన ఏం కొడతారమ్మా? మిషన్ సరిగ్గా ఉండాది. రాళ్ళు సరిగ్గా ఉండాయి. ఇంక ఉండేది నువ్వే కదా. పదిహేనో తేదీకి నీ పేపరు మీద నేను ఏమని సంతకం పెట్టాల?"

బయటికి వచ్చి నా దగ్గరకే వచ్చింది. "మామా, మీ నాణెం ఎనిమిదింటికీ టింగ్ అనింది కదా?"

"నాణెం పాతదమ్మా," అన్నాను.

అక్టోబరు 7, మంగళవారం

పూజనాడు నేను మిషన్‌ను మాత్రమే కడిగాను.

అక్టోబరు 8, బుధవారం

మిషన్‌ను, కొలబద్దలను, సుత్తులను. రంపాలను. అంతే.

శరణ్య మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. పాత రీడింగులన్నీ మళ్ళీ మొదటి నుంచి చూస్తోంది. నేను ఆమె కుర్చీ మీద రబ్బరు బల్లి పెట్టాను. దాన్ని తీసి, చూడకుండానే టేబులు మీద పెట్టి, పనిలో పడింది.

అక్టోబరు 9, గురువారం

చేపల పులుసు. రాజలక్ష్మి వడ్డిస్తూ, "ఏంది, మూడు రోజులుగా ఎవర్నీ ఏడిపించకుండా వస్తా ఉండావు. ఒళ్ళు బాగలేదా?" అంది.

సంగతి చెప్పాను. చెప్పానంటే, ఆరు రాళ్ళు మెత్తగా పోయాయని, పాపం ఆ పిల్ల పని పోయేటట్టు ఉందని చెప్పాను.

"ఆ పొరివిళంగా తిన్న పిల్లా?"

"ఆ పిల్లే."

నా మొహం వైపు చూసింది. ఇరవయ్యారేళ్ళుగా ఆయుధపూజకు మా ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. రోలు, గ్రైండరు, మిక్సీ, సైకిలు, రేడియో, టీవీ రిమోటు, గోళ్ళు తీసే కత్తెర, ఏదీ వదలను. ఒకసారి ఆమె కళ్ళజోడు కడిగి అద్దం మీదే గంధం పెట్టాను.

"రాళ్ళకు కూడా బొట్టు పెట్టినావా?" అంది.

"చేపలో ఉప్పు తక్కువ," అన్నాను.

"నేను అడిగింది చేప గురించి కాదు," అని, కంచంలో ఇంకో ముక్క వేసింది.

రాస్తాను. ఇక్కడ చదివేవాళ్ళు ఎవరూ లేరు కదా. జాడీ తెరిచాను. ఆరు రాళ్ళనూ కొళాయి కింద కడిగాను. గంధం, కుంకుమ పెట్టి, తడి అరిటాకు మీద సుత్తుల పక్కన పేర్చి, పూలు కప్పాను. శుక్రవారం దాకా అట్లాగే ఉన్నాయి. మిగతా సామానుకంతా బొట్టు పెట్టి వాటిని వదిలేస్తే, పెళ్ళికి వచ్చినవాళ్ళలో సగం మందికి విస్తరి వేసి సగం మందిని వాకిట్లో నిలబెట్టినట్టు ఉంటుందనిపించింది. అవే కదా ఆ వారం మాకు కూడు పెట్టేవి. ఆ పిల్ల చెప్పిన మాట గుర్తుంది. దేవుడి పనికి పట్టింపు ఏమిటిలే అనుకున్నాను.

ఆ శుక్రవారం నాణెం ఇంట్లో మర్చిపోలేదు. జేబులోనే ఉంది. తట్టాను. టొప్.

అక్టోబరు 10, శుక్రవారం

భక్తవత్సలం గారి గదిలోకి వెళ్ళి, చేతులు కట్టుకొని, "సార్, పూజనాడు ఆ ఆరు రాళ్ళనూ కడిగింది నేనే. నీళ్ళు తాగి మెత్తబడినాయి. శరణ్య తప్పు లేదు," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "ఓవెన్‌లో పాము ఎట్ల ఉండాది, బాగుండాదా?"

"ఒట్టు సార్. ఇది నిజం."

"పాముకు కూడా ఒట్టేసినావు. మీ అమ్మ మీద." ఆయన కోపంగా కూడా లేరు, అదే నాకు కష్టంగా ఉంది. "ఆ పిల్లను కాపాడాలని నువ్వు కత అల్లుకొని వచ్చినావు. మంచి మనసే. కానీ రిపోర్టుకు కతలు పనికిరావు దామోదరం. నేనూ ఆడ హారతి తీసుకున్నా కదా, రాళ్ళేమీ కనపడలేదే."

"పూల కింద ఉన్నాయి సార్."

"ఓహో, పూల కింద. పో, పోయి పని చూసుకో."

జీవితంలో మొదటిసారి ఆ గదిలో నిజం చెప్పాను. అచ్చం అబద్ధం మాదిరే వినిపించింది, నాకు కూడా.

తలుపు దగ్గర శరణ్య నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. తిడుతుందనుకొని సిద్ధపడ్డాను. నన్ను చాలాసేపు చూసి, "జాడీ తెరవొద్దని చెప్పినా కదా మామా," అంది. అంతే. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇంటికి హాయిగా వెళ్ళేవాణ్ణి.

తర్వాత నన్ను కొళాయి దగ్గరకు తీసుకుపోయింది. రాళ్ళు కోసినప్పుడు కొసల నుంచి మిగిలిన బిళ్ళలు నాలుగు ఆమె దగ్గర ఉన్నాయి. రెండు ఓవెన్ నుంచి నేరుగా జాడీలోకి వెళ్ళాయి. రెండు నా చేతిలో పెట్టింది.

"ఆ పొద్దు ఎట్ల చేసినారో అట్లే చెయ్యండి. ఒక్కటి కూడా మారకూడదు. ఎంతసేపు కడిగినారు?"

"గడియారం చూడలేదమ్మా. అమ్మవారి పాట ఒకటి పాడుకుంటా కడిగినా. పాట అయ్యేదాకా."

"పాడండి." ఫోను తీసి టైము పెట్టింది.

"ఇప్పుడా?"

"కొళాయి తిప్పి, పాడండి మామా."

పాడాను. నా గొంతు గురించి రాయపురంలో ఎవరినడిగినా చెబుతారు. రెండో చరణం దగ్గరకు వచ్చేసరికి ఆఫీసు పిల్లలు గుమ్మంలో గుంపు కట్టారు. ఇంకో రోజయితే చెయ్యి ఊపి, చిందేసి, వాళ్ళను నవ్వించేవాణ్ణి. ఈరోజు తల ఎత్తలేదు. రాయి చేతిలోంచి జారుతుందేమోనని గట్టిగా పట్టుకొని పాడాను. భక్తవత్సలం గారు కూడా గదిలోంచి వచ్చి నిలబడ్డారు.

"మూడో చరణం లేదా?" అంది శరణ్య.

"నాకు రాదు. ఆ పొద్దు కూడా రెండే."

"నాలుగు నిమిషాల పది సెకన్లు," అని రాసుకుంది. గంధం ఎంత, అరిటాకు ఎంత తడి, పూలు ఎన్ని, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. ఒక్కదానికీ జోకు వెయ్యలేదు. పైన కాగితం అంటించి తన సంతకం, నా సంతకం పెట్టించింది.

అక్టోబరు 11, శనివారం

రాళ్ళు ఎట్లా ఉన్నాయో.

అక్టోబరు 12, ఆదివారం

శరణ్యకు ఫోను చేసి, ఇవాళ తీస్తే చాలు కదా అన్నాను. "అవి మంగళవారం సాయంత్రం నుంచి శుక్రవారం పొద్దున దాకా ఉన్నాయి. ఇవీ మూడు రాత్రులు ఉండాల. లెక్క సరిపోవాల," అంది. నిజమే. ఆ పిల్లకు పని పోయేటట్టున్నా తొందర లేదు.

అక్టోబరు 13, సోమవారం

భక్తవత్సలం గారు టీ గ్లాసుతో వచ్చి మిషన్ పక్కన నిలబడ్డారు. ముందు జాడీలోని బిళ్ళ. నిలువుగా నిలబెట్టి నొక్కింది. గీత నిటారుగా ఎక్కింది. టప్. టీ ఆయన చొక్కా మీద పడింది. రెండోది కూడా టప్. ఈసారి గ్లాసు కింద పెట్టి నిలబడ్డారు.

తర్వాత బొట్టు పెట్టిన బిళ్ళ. శరణ్య కుంకుమ తుడిచింది. సందుల్లో ఎర్రగా కొంచెం మిగిలిపోయింది. నొక్కింది. నేను ఇరవయ్యేళ్ళకు దగ్గరగా ఈ గదిలో రాళ్ళు పగలకూడదని ఎన్నడూ కోరుకోలేదు. ఇవాళ కోరుకున్నాను. అది మూలిగింది. కాస్త అణిగింది. గీత వంగింది, బద్ధకంగా పడుకుంది. చప్పుడు లేకుండా విచ్చుకుంది. రెండోదీ అంతే.

భక్తవత్సలం గారు కంప్యూటర్ వైపు చూశారు. పాత ఆరు రాళ్ళ గీతల పక్కన పెట్టి చూశారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు.

"అయితే పాము కూడా నిజమేనా?"

"పాము అబద్ధం సార్."

"సరి," అన్నారు. చొక్కా మీది టీ తుడుచుకొని మళ్ళీ, "సరి," అన్నారు.

అక్టోబరు 15, బుధవారం

బావి వాళ్ళ దగ్గర అదే రాయి ఇంకా ఉందట, ఆరు పంపుతామన్నారు. అవి నలిగి జవాబు వచ్చేదాకా శరణ్య పర్మనెంటు కాగితం మేనేజరు గారి సొరుగులోనే ఉంటుంది. నేను రాళ్ళ గదిలోకి అడుగు పెట్టకూడదు. గుమ్మంలో పసుపు గీత గీయించారు. స్టోరు పని ఇచ్చారు.

జరిగినదంతా శరణ్య కాగితం మీద పెట్టింది. 'నమూనాలు నీటితో కడగబడినవి. కడిగినవారు దామోదరం.' పందొమ్మిదేళ్ళలో రిపోర్టులో నా పేరు పడడం ఇదే మొదలు. దానికి పైన ఇంకో వరుస ఉంది. అంతా ఇంగ్లీషు కదా, నేను అడిగితే అదీ చదివి చెప్పింది. 'సెలవుల తర్వాత మళ్ళీ తూకం వెయ్యకపోవడం నా పొరపాటు. శరణ్య.'

"అది ఎందుకమ్మా రాసినావు? పెద్ద తప్పు నాది కదా."

"మీదే పెద్దది మామా. నాది చిన్నది. రెండూ ఉండాల."

అక్టోబరు 29, బుధవారం

రాళ్ళు వచ్చాయట. పసుపు గీత దగ్గర నిలబడి చూశాను. శరణ్య జాడీకి తాళం వేసింది. ఈ లోకంలో జాడీకి తాళం వేసిన ఇంజనీరు ఈ పిల్ల ఒక్కతే.

నవంబరు 1, శనివారం

వాన. రాజలక్ష్మి రెండు రోజులుగా నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు. ఏదో వేయిస్తోంది. అడిగితే, "నీకు అన్నీ చెప్పాలా?" అంది.

నవంబరు 3, సోమవారం

పొద్దుటి నుంచి లెక్క పెడుతూ స్టోరులో కూర్చున్నాను. టప్. టప్. టప్. టప్. టప్. ఐదోదాని తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. మేకుల డబ్బా తలకిందులుగా పట్టుకున్నట్టు కూడా చూసుకోలేదు, అన్నీ కింద పడ్డాయి. అవి ఏరుతుండగా వినిపించింది, టప్.

పన్నెండింటికి భక్తవత్సలం గారు సొరుగు తెరిచి కాగితం ఇచ్చారు. శరణ్య దాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకొని, వాళ్ళ నాయనకు ఫోను చేసి, "ఆయిడుచ్చు నైనా," అని, అయిపోయిందని అరవంలో ఒక్క మాట చెప్పి పెట్టేసింది. గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను చూడలేదు, పైన ఫ్యాను బాగా తిరుగుతోందా అని చూస్తున్నాను.

సాయంత్రం స్టోరు గుమ్మం దగ్గరకు వచ్చింది. చేతిలో ట్రే. వెనకాల మేనేజరు గారు, రిజిస్టరుతో.

"మామా, ఒక రాయి ఎక్కువ వచ్చింది. మిషన్ ఆపేసినాము. మీ నాణెం ఉండాదా?"

ఉంది. ఈసారి నిజం చెప్పాను. చేతులు ప్యాంటుకు తుడుచుకొని, అటూ ఇటూ రెండు చోట్ల తట్టాను. భక్తవత్సలం గారు కూడా చెవి ఒగ్గారు.

"టింగ్. మంచి పెళుసు," అన్నాను.

"రాసుకోండి సార్," అంది. ఆయన నిజంగానే రాశారు, కడాపటి కాలమ్‌లో.

అప్పుడు శరణ్య ఆ రాయిని తీసి, కొసను కొరికింది.

పటుక్కుమంది. "రాజలక్ష్మి అత్త ఈసారి శొంఠి సరిగ్గా వేసింది," అని నములుతూ, మిగతాది నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నాణెం అబద్ధం చెప్పలేదు.